బూడిద గీతల కుప్ప

ముత్తవ్వకు మనుషుల మీద ఒకటే అభిప్రాయం. దాన్ని ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

"మనిషన్నోడు ఎవడైనా తన కడుపే జూసుకుంటడు. తియ్యగ మాట్లాడెటోడు జర ఆలస్యంగ జూసుకుంటడు, గంతే ఫరక్" అనేది. పెళ్లిలో అన్నది, చావింట్లో అన్నది. ఒకసారి బాన్సువాడ బస్టాండులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆమెతో కూడా అన్నది. ఆ ఇల్లాలు సంచీ ఒళ్లోకి లాక్కుని, లేచిపోయి ఇంకో బల్ల మీద కూర్చుంది. ముత్తవ్వకు కోపం రాలేదు సరికదా, "తెలివిగల్ల మనిషి. నన్ను గూడ దొంగనే అనుకున్నది" అని మెచ్చుకుంది.

ఈ అభిప్రాయం ఊరికే పుట్టింది కాదు. మొగుడు లింగం పోయి దినాలు కూడా కాకముందే మరిది వచ్చి పొలం గట్టును ఇవతలికి జరిపాడు. పెద్దమనుషుల దగ్గరికి పోతే, "ఆడిమనిషివి, ఎందుకమ్మా లొల్లి" అన్నారు. వాళ్ల నోళ్లలో పాన్ ఉంది కానీ న్యాయం లేదు. ముత్తవ్వ పార పట్టుకుని పట్టపగలు ఒక్కతే ఆ గట్టును మళ్లీ వెనక్కి జరిపింది. అడ్డం వచ్చినవాడు లేడు, సాయం వచ్చినవాడూ లేడు. రోడ్డు మీద పోయేవాళ్లంతా నిలబడి చూసి పోయారు. ఆ రోజు నుంచి ఆమె బదుళ్లు మానేసింది. అంటే, నీ నాటుకు నేను వస్తా, నా నాటుకు నువ్వు రా అని ఆడవాళ్లు చేసుకునే ఒప్పందం. "నేను పోతనే ఉంట, వాళ్లు రారు" అని ఆమె నమ్మకం. కైకిలి ఇచ్చి మనుషులను పెట్టుకునేది గానీ, బదులు మాటెత్తితే నోరు పారేసుకునేది.

పోయిన యాసంగిలో, ఎండాకాలం పంటకు, ఆమె వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర వానకు తడిసి మొలకలెత్తాయి. పచ్చటి మొలకలు పరుచుకున్న కుప్పను చూసి కొడుకు నగేశ్ తల పట్టుకున్నాడు. బాన్సువాడలో ఒక ఆఫీసులో కొలువు వాడిది.

"అమ్మా, ఇగ సాలు. నాగేంద్రమ్మోళ్లకు కౌలుకిద్దాం. ఇంట్ల కూసో."

నాగేంద్రమ్మ అంటే పక్క పొలం ఆమె. ఆమె మామగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి చేసుకుంటున్న కుటుంబం. మనిషి నెమ్మది. ఆ నెమ్మదినే ముత్తవ్వ ఎన్నడూ నమ్మలేదు.

"ఇంకొక్క పంట. గీ యాసంగి వడ్లు తడ్వకుండ కాంటా ఎక్కినయంటె పొలం నేనే జేస్త, ఎవ్వనికియ్య. మల్ల తడిసి ఖరాబయినయంటె, నువ్వు జెప్పినట్టే కౌలుకిచ్చి మూల కూసుంట. మాటంటె మాటే" అంది కొడుకుతో.

మాట ఇచ్చేటప్పుడు బాగానే ఉంటుంది. ఇప్పుడు ఊరి బయట కేంద్రం మైదానంలో వడ్లు పోసి, లారీలు రాక, సంచులు రాక, రోజూ మబ్బు వైపు మెడ ఎత్తి చూస్తుంటేనే ఆ మాట బరువేమిటో తెలుస్తోంది. పొలం పోతే ఆమెకు తిండికేం కొదవ లేదు. కొడుకు పెడతాడు. కానీ పొద్దున లేచి ఎటు పోవాలి? ఎవరిని తిట్టాలి?

మైదానం ఒక వైపు వాలుగా ఉంటుంది. అందరికంటే ఎత్తున ముత్తవ్వ కుప్ప. తెల్లవారకముందే ట్రాక్టరుతో వచ్చి ఆ చోటు పట్టింది. నడుమ నాగేంద్రమ్మది. అన్నిటికంటే కింద, నీళ్లొచ్చి ఆగే చోట ప్రభుదాసు కుప్ప. వాడు కైకిలి చేసుకుంటూ కొంచెం భూమి కౌలుకు పట్టి వేసిన వడ్లు అవి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మైదానం దాకా వినబడే గొంతు వాడిది.

ముత్తవ్వ రోజూ సాయంత్రం కుప్పను గుండ్రంగా ఎత్తి, పొయ్యిలోని బూడిద గుప్పిట్లో పట్టి, వేళ్ల సందుల్లోంచి జార్చుతూ కుప్ప చుట్టూ గీతలు గీసేది. అత్త నేర్పిన పని. ఎవరైనా చెయ్యి పెట్టి వడ్లు తీస్తే గీత చెదిరి పొద్దున తెలిసిపోతుంది. ఆ మైదానంలో ఇంకెవరూ బూడిద గీయరు.

"అవ్వా, కుప్పకు బొట్టు పెడుతున్నవా?" అని ప్రభుదాసు నవ్వేవాడు.

"మీ అందరి మొకాలు జూసినంక పెట్టాలనిపించింది బిడ్డా."

వడ్లు పోసిన రెండోనాడు ప్రభుదాసే అందరినీ షెడ్డు కిందికి పిలిచాడు. పోయినేడు వాన వచ్చినప్పుడు ఎవరి కుప్ప దగ్గరికి వాళ్లు ఉరికారు. గాలిలో కుప్ప మీద కప్పే తాడ్‌పత్రి ఒక్కరి చేతుల్లో ఆగుతుందా? ఒకరు ఒక కొస పట్టుకుంటే మూడు కొసలు ఎగిరాయి. అందరివీ తడిశాయి.

"గీసారి అట్ల వద్దు. మబ్బు పట్టిందంటె ఎవ్వలం మన కుప్పకాడికి పోవద్దు. అందరం గల్సి కింది కుప్ప కాడికి పోవాలె. అది గప్పి దాని మీదిది, దాని మీదిది. కవర్లన్నీ ఒక్కతాన పెడదాం" అన్నాడు ప్రభుదాసు.

"కింది కుప్ప ఎవ్వలిదో?" అడిగింది ముత్తవ్వ.

"నాదే అవ్వా."

"అగో! నేనింక దేవుని మాట జెప్తున్నవేమో అనుకున్న."

అందరూ నవ్వారు. ప్రభుదాసు మొహం చిన్నబోయింది. నాగేంద్రమ్మ కల్పించుకుంది. "నీళ్లు నిలిచేది కిందేగా ముత్తవ్వా. పైన ఉన్నవాళ్లకి కాస్త టైముంటుంది. అందుకని."

"టైము నాకు, వడ్లు మీకు. మంచిగున్నది. నా కుప్ప దాక వచ్చేసరికి మీ అందరివి గప్పుకొని ఇండ్లల్ల చాయ్ దాగుతుంటరు. ఇంకోటి జెప్త ఇనుండ్రి. ఎవని వడ్లు లారీ ఎక్కుతయో వాడు మల్ల గీ దిక్కు రాడు. రాసి పెట్టుకోండ్రి. నా తాడ్‌పత్రి ఇయ్య, నేను రాను. నాది నేను జూసుకుంట."

పైగా ఆమె దగ్గర ఒకటి కాదు, రెండున్నాయి. రెండోది కొత్తది, మడత విప్పనిది, దాని మీదే కూర్చునేది. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ఎవరూ అడగలేదు. అడిగితే ఆ నోటికి ఎవరు తట్టుకుంటారు?

మర్నాడు పొద్దున బూడిద గీత చెదిరి ఉంది.

ఒక పక్కన గీత తెగి, బుట్టెడు వడ్లు తీసిన గుంట కనబడింది. ముత్తవ్వ కొంగు నడుముకు చుట్టి నేరుగా నాగేంద్రమ్మ కుప్ప దగ్గరికి పోయింది.

"ఏమమ్మా, నా పొలం కౌలుకు వచ్చేదాక గూడ ఆగలేకపోతివా? వడ్ల నుంచే షురూ జేసినవా?"

మైదానమంతా చేతుల్లో పని ఆపి చూసింది. నాగేంద్రమ్మ మెల్లగా చీపురు కింద పెట్టింది.

"నీ వడ్లు పోయాయా?"

"తెల్వనట్టే అడుగుతవ్! నాయి తడిస్తె నీకే లాభం. కౌలుకు వస్తది గద!"

"నావీ పోయాయి. ఇటు చూడు." నాగేంద్రమ్మ తన కుప్ప వెనుక గుంట చూపించింది. "నువ్వు గీత గీస్తావు కాబట్టి నీకు తెలిసింది. నాకు చూస్తే గానీ తెలియలేదు. మనలోనే ఎవరో తీస్తున్నారు."

"ఎరికయ్యి గూడ నోరు మూసుకున్నవా?"

"ఏం చెయ్యమంటావు? పట్టుకుని తరిమేస్తే, రేపు వానొస్తే ఒక మనిషి తక్కువవుతాడు. ఆ దొంగైనా సరే, వచ్చి పరదా కొస పట్టుకోవాలి కదా."

ముత్తవ్వ నాగేంద్రమ్మను ఎగాదిగా చూసింది. దొంగ లేడని వాదిస్తే కొట్టిపడేసేది. దొంగ ఉన్నాడని ఒప్పుకుంటూ ఈ ఇల్లాలు అందరితో కలిసి పని ఎట్లా చేస్తుంది? "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది" అని గొణిగి వెనక్కి వచ్చింది. ఆ పూటంతా కుప్ప పక్కన కూర్చుని ఆ మాటనే నమిలింది.

తరువాత బాలకృష్ణ అనే అతని వడ్లు లారీ ఎక్కాయి. మధ్య వరుసలో ఉండేవాడు, షెడ్డు కింద ప్రభుదాసు మాటకు అందరికంటే ముందు తల ఊపినవాడు. మళ్లీ మైదానం వైపు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"ఏమాయె? జెప్తినా లేదా?" అని ముత్తవ్వ ప్రతి కుప్ప దగ్గరికీ పోయి మరీ అడిగింది. తన మాట నిజమైనందుకు ఆమెకు ఆ పూట అన్నం సయించింది.

ఆ మర్నాటి పగలు ఎండ చిటపటలాడింది. పొద్దు నడినెత్తి దాటాక గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. కాకులు షెడ్డు కిందికి చేరాయి. బిచ్కుంద దిక్కున మబ్బు నల్లగా లేచి, చూస్తుండగానే పొద్దును మింగేసింది. ఆపైన దుమ్ము.

"కింది కుప్ప! కింది కుప్ప!" ప్రభుదాసు గొంతు మైదానమంతా మోగింది.

ముత్తవ్వ తన పనిలో తాను పడింది. పాత తాడ్‌పత్రి కుప్ప మీదికి లాగింది, రాళ్లు పెట్టింది, గాలి వచ్చే పక్కన తనే ఎక్కి కూర్చుంది. కూర్చున్న చోట తాడ్‌పత్రి ఆగింది, అవతలి కొస లేచి కొట్టుకోసాగింది. అటు పోతే ఇటు లేచింది. ఆ వయసులో ఆ చుట్టూ తిరుగుతూ, రాళ్లు జరుపుతూ, "ఆగవే, ఆగు" అని గాలిని కూడా తిట్టింది. చివరికి కొత్త తాడ్‌పత్రి మడతను ఒక కొస మీద బరువుగా పెట్టి, ఇంకో కొస మీద తాను పడుకున్నంత పని చేసింది. కొంచెం నిలిచింది.

అప్పుడు కిందికి చూసింది.

అందరూ ప్రభుదాసు కుప్ప దగ్గరే ఉన్నారు. వాడిది పాత తాడ్‌పత్రి. నలుగురూ నాలుగు కొసలూ లాగేసరికి నడుమ నుంచి నిలువునా చిరిగింది. రెండు ముక్కలు పట్టుకుని నిలబడ్డారు. తొలి చినుకులు లావుగా పడుతున్నాయి. ప్రభుదాసు తల ఎత్తి పైకి చూశాడు. ముత్తవ్వను చూశాడు, ఆమె పక్కనున్న కొత్త మడతను చూశాడు. పిలవలేదు. మళ్లీ తల దించుకున్నాడు.

నడుమ నాగేంద్రమ్మ కుప్ప మీద కప్పు లేదు. నాగేంద్రమ్మ తన కుప్ప వైపు తిరిగింది. ముత్తవ్వ మెడ చాచి చూసింది. ఇగ ఉరుకుతది. ఇప్పుడు తెలుస్తది నెమ్మదితనం. "ఉరుకు, ఉరుకవేందే" అని పళ్ల నడుమ అంది. నాగేంద్రమ్మ రెండు అడుగులు తన కుప్ప వైపు వేసింది కూడా. ఆగింది. నిలబడి చూసింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని వెనక్కి తిరిగి, చిరిగిన ముక్క మీద మోకాళ్లు ఆనించి కూర్చుంది.

ఆ రెండు అడుగులే ముత్తవ్వను పట్టుకున్నాయి. అసలు ఆ అడుగులే వేయకుండా ఉండి ఉంటే, నటన అనుకునేది. ఈమెకూ తన వడ్ల మీద తనంత ప్రాణమూ ఉంది. ఉండీ వెనక్కి తిరిగింది. మనుషుల గురించి తాను ఇన్నేళ్లుగా చెప్పుకొచ్చినదానిలో ఈ వెనక్కి తిరగడానికి చోటెక్కడుంది? ముత్తవ్వకు గాలి మీద కంటే ఎక్కువ కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియలేదు.

లేస్తే తాడ్‌పత్రి ఎగురుతుంది. ఎగిరితే వడ్లు తడుస్తాయి. తడిస్తే పొలం పోతుంది. ఆమెకు ఇదంతా తెలుసు. తెలిసే లేచింది. కొత్త మడత నెత్తిన పెట్టుకుని వాలు దిగింది. వెనుక ఫట్‌మని చప్పుడైంది. తిరిగి చూడలేదు. చూస్తే కాళ్లు ఆగిపోతాయి.

"పట్టుండ్రి! నోళ్లు తెర్సుకొని సూస్తరేంది?" అని మడత విసిరింది.

కొత్త తాడ్‌పత్రి నిండుగా పరుచుకుంది. ప్రభుదాసు కుప్ప మూతపడింది. తరువాత మిగిలిన తాడ్‌పత్రులతో దాని పైది. ఆ తరువాతది. ముత్తవ్వ ఒక కొస వదలకుండా వెంట నడిచింది. నడుస్తూనే పైన తన కుప్పను చూసింది. తాడ్‌పత్రి ఎగిరి తుమ్మకంపకు తగులుకుని జెండాలా ఊగుతోంది. వాన నేరుగా వడ్ల మీద కొడుతోంది. బూడిద గీతలు పాల చారల్లా కారుతున్నాయి.

ప్రభుదాసు చూడలేకపోయాడు. "అవ్వా, నీదానికి పోదాం పా ముందుగాల! నీది ఖుల్లగున్నది!"

"వరుస దప్పుతవారా? ఇయ్యాల నా కోసం దప్పినవంటె రేపు నీ కోసం దప్పుతవ్. మీ సంగతి నాకెరుక లేదా? నడువు!"

నాగేంద్రమ్మ కుప్ప కప్పేటప్పుడు ఇద్దరూ ఒకే కొస పట్టుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ తరువాతే పైకి పోయారు. ఇద్దరు కంపలో నుంచి తాడ్‌పత్రి తెస్తే అందరూ కలిసి ముత్తవ్వ కుప్పను కప్పారు. అప్పటికే కుప్ప పైభాగం చెయ్యి లోతు తడిసింది.

మర్నాడు పొద్దున అందరూ ఆమె వడ్లు పలుచగా పరిచారు. ఆడవాళ్లు చీరలు ఎత్తి దోపి, పాదాలతో వడ్ల మీద చాళ్లు తీస్తూ అటూ ఇటూ నడిచారు. ముత్తవ్వ ఎవరికీ దండం పెట్టలేదు. పైగా ఎవరి నడుము దగ్గర కొంగు ఉబ్బుగా ఉందో చూస్తూ నిలబడింది.

"ఏందవ్వా, మమ్ముల్ని కావలి గాస్తున్నవా?" ప్రభుదాసు అడిగాడు.

"బుట్టెడు వడ్ల దొంగ మీలనే ఉన్నడు. ఎట్ల మర్శిపోత?"

సాయంత్రం కేంద్రంలో పనిచేసే సుజాత తేమ చూసే మిషను పట్టుకుని వచ్చింది. దోసెడు వడ్లు దాంట్లో పోసింది. ముత్తవ్వ మిషను వైపు చూడలేదు. పిల్ల మొహం వైపే చూసింది. పెదవి విరిచిందా? విరిచింది.

"ఎక్కువున్నది అవ్వా. గిట్లయితే తీస్కోరు."

"రేపు?"

"రేపు ఎండగొడితె సూద్దాం. మొలకొస్తె మాత్రం నా చేతుల లేదు."

రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా? తెల్లారుతూనే వచ్చి, ఒక్కొక్క గింజ తీసి పళ్ల నడుమ పెట్టి కొరికి చూసింది. కొన్ని మెత్తగా నలిగాయి. అందరూ మళ్లీ నడిచారు, పాదాలు ఎర్రగా కందేదాకా. నాగేంద్రమ్మ మోకాలి నొప్పితో కుంటుతూనే నడిచింది. ముత్తవ్వ ఓర్వలేకపోయింది.

"నువ్వు కూసోవమ్మా! నా వడ్లు ఎండకపోతె పొలం నీకే గద వస్తది, ఎందుకింత తిప్పలు?"

"వస్తే చేసుకుంటాను, రాకపోతే లేదు. ఇలా తడిసిపోయి రావడం నాకొద్దు" అంది నాగేంద్రమ్మ, నడక ఆపకుండా.

పొద్దు వాలాక సుజాత మళ్లీ మిషను తెచ్చింది. ఒకచోట తీసింది, ఇంకోచోట తీసింది, కుప్ప లోపలికి చెయ్యి దూర్చి అడుగు నుంచి తీసింది. ముత్తవ్వ గింజ కొరికింది. టక్‌మంది.

"తేమ పదిహేడు లోపలనే. నింపుకోండ్రి అవ్వా."

ముత్తవ్వ కింద కూలబడింది. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. ఎవరిచ్చారో కూడా చూడకుండా తాగింది.

మర్నాడు సంచులు కాంటా ఎక్కాయి, లారీ ఎక్కాయి. నగేశ్ ఆఫీసుకు సెలవు పెట్టి బండి మీద వచ్చాడు. లారీ గేటు దాటేదాకా ఇద్దరూ నిలబడి చూశారు.

"తడిసినా ఖరాబు గాలె, నీ మాటే గెల్సిందమ్మా. పొలం నీదే. ఇగ పా, ఇంటికి పోదాం. ఎన్ని దినాలాయె సక్కగ పండుకోక."

ముత్తవ్వ బండి ఎక్కబోయింది. ఒక కాలు పైకి వేసింది కూడా. అంతలో దూరంగా ఉరిమింది. బిచ్కుంద దిక్కు మళ్లీ నల్లబడుతోంది. మైదానంలో ఇంకా కుప్పలు మిగిలే ఉన్నాయి. నాగేంద్రమ్మది ఉంది. ప్రభుదాసుది ఉంది. వాళ్లు ఆమె వైపే చూస్తున్నారు. ఎవరూ పిలవలేదు. ఎవని వడ్లు లారీ ఎక్కుతయో వాడు మల్ల రాడని చెప్పింది ఆమే కదా. ప్రభుదాసు మాత్రం, "పో అవ్వా, వానల నానుతవ్" అని కేకేసి, తన కుప్ప వైపు తిరిగాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. ఎత్తిపొడుపుకు జవాబు చెప్పడం ఆమెకు వచ్చు.

"అమ్మా, ఎక్కు. తడుస్తం" అన్నాడు నగేశ్.

ముత్తవ్వ కాలు కిందికి దించింది. "బండి షెడ్డు కింద పెట్టి నువ్వు గూడ రా. ఒక కొసకు మనిషి తక్కువున్నడు."

"మన వడ్లు పోయినయ్ గదనే!"

"పోయినయి. గందుకే చేతులు ఖాళీగున్నయి."

ఒక చేత్తో పాత తాడ్‌పత్రి, ఇంకో చేత్తో బూడిద చిప్ప పట్టుకుంది. వాన వెలిశాక కుప్పలన్నిటికీ గీతలు గీయాలి. ఈ మనుషులను నమ్మి వదిలేస్తే బుట్టెడు బుట్టెడుగా తీసుకుపోతారు. చిప్పను షెడ్డులో ఒక మూల పదిలంగా పెట్టి, వాలు దిగుతూ గొంతెత్తింది.

"కింది కుప్ప ముందుగాల! అందరు రాండ్రి! వడ్ల దొంగ ఎవడున్నడో వాడు గూడ రావాలె, చేతులు సాల్తలేవు!"